మనుమరాలు లేని వంశము: మినీడిస్కు ప్రతుల కథ

విద్య యిచ్చినకొలదిని పెరుగునని పెద్దల మాట. గ్రంథమునకును అదియే ధర్మము. పలుప్రతులుగా వ్యాపించిన గ్రంథము దీర్ఘకాలము బ్రతుకును. ఒక్క ప్రతిగా మిగిలినది చెదకో, చిత్తడికో, నిప్పునకో యొకనాడు ఆహుతి యగును. హైదరాబాదులో, అఫ్జల్‌గంజ్‌లో, మూసీ యొడ్డున నిలిచియున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును చూచినవారికి ఈ సత్యమును వేరుగ బోధింపనక్కరలేదు. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర ఆబిడ్సు ప్రాంతమున ఆరంభమైన యీ సంస్థ 1936లో ఇప్పటి భవనమునకు వచ్చినది. 1955లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. అది నెలకొన్న చోటే యొక పాఠము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచివేసి, అచ్చటి ఆసుపత్రిని సైతము నేలమట్టము చేసెను. అట్టి వరద వచ్చిననాడు ఒకే యింట నున్న ఒకే ప్రతికి దిక్కేది?

లేఖకుడు ముందుంచుకొని వ్రాసికొనెడి మూలప్రతికి మన పండితులు 'మాతృక' యని పేరుంచిరి. మాట చక్కనిది. మాతృకనుండి ఒక ప్రతి పుట్టును; ఆ ప్రతియే మరియొక లేఖకునకు మాతృక యగును. ఇట్లు తల్లి, కూతురు, మనుమరాలు అను వరుసగా గ్రంథవంశము సాగుచు వచ్చినది. ప్రతి తరమునను కొన్ని తప్పులు దొర్లెడివి. చూచినదే వ్రాసితిని, దోషము నాది కాదని లేఖకుడు చివర వేడుకొనెడివాడు. ఐనను వంశము తెగలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) ఊరూర తాళపత్రములు సేకరించి, పండితులచే పాఠములు పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించుటచేతనే ఎన్నియో తెలుగు కావ్యములు మనదాక వచ్చినవి. ప్రతి వ్రాయుట ఆ దినములలో రక్షణకార్యము.

ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దమున ఇందుకు విపరీతమైన ధర్మముతో ఒక ధ్వనియంత్రము పుట్టినది. దాని పేరు మినీడిస్కు. అది కూతురిని కనుటకు సమ్మతించును. మనుమరాలిని మాత్రము పుట్టనీయదు. ఈ నియమము దానికెట్లు వచ్చెను, దానివలన ఎవరికేమి లాభము, ఎవరికేమి నష్టము అను విషయము విద్యార్థులును ఉపాధ్యాయులును తెలిసికొనదగినది. ఏలయన, ఆ బిళ్లలపై చిక్కుకొనియున్న కంఠములు కొన్ని మన యిండ్లలోనివే కావచ్చును.

అరచేతిలోని బిళ్ల

జపాను దేశపు సోనీ సంస్థ మినీడిస్కును 1991లో ప్రకటించి, 1992 నవంబరు 1వ తేదీన ఆ దేశమున అమ్మకమునకు పెట్టెను. 64 మిల్లీమీటర్ల వ్యాసముగల పలుచని బిళ్ల. దానికి కవచముగా 72 మిల్లీమీటర్ల పొడవు, 68 వెడల్పు, 5 మందము గల ప్లాస్టిక్కు పెట్టె. చొక్కా జేబులో సులభముగ ఇమిడిపోవును. తెలుగునాట క్యాసెట్టు రాజ్యమేలుచున్న దినములవి. మినీడిస్కు ఇచ్చట ఇంటింటి వస్తువు కాలేదు; గల్ఫునుండియో, అమెరికానుండియో వచ్చిన బంధువుల పెట్టెలలోను, కొందరు సంగీతాభిమానుల చేతులలోను మాత్రమే కనబడెడిది.

అది వ్రాయు తీరు విచిత్రమైనది. బిళ్లపై ఒక లోహమిశ్రమపు పొర యుండును. అడుగునుండి లేజరు కిరణము ఆ పొరలోని సూక్ష్మబిందువును సుమారు 180 సెంటిగ్రేడు డిగ్రీలకు వేడిచేయును. ఆ వేడిలో బిందువు తన పూర్వపు అయస్కాంత దిశను మరచును. ఆ క్షణముననే పైనున్న అయస్కాంతము దానికి క్రొత్త దిశను నేర్పును. చల్లారగనే ఆ దిశ స్థిరపడును. చదువునపుడు బలహీనమైన కిరణము చాలును. ఆ బిందువులపై పడి మరలివచ్చు కాంతి అయస్కాంత దిశను బట్టి ఇటో అటో కొంచెము మెలితిరుగును. ఆ మెలికలే ఒకట్లు, సున్నలు. వేడియు అయస్కాంతమును ఒక్కచోట కలిసినగాని వ్రాత మారదు. కావున సాధారణపు అయస్కాంతము సోకినచో చెడిపోవు క్యాసెట్టుకంటె ఇది గట్టిది.

ఎంత పట్టును? ఎట్లు పట్టును?

కాంపాక్టు డిస్కుపై ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 అంకెలలో, ఎడమ కుడి వాహినులకు వేరువేరుగ వ్రాయుదురు. లెక్కవేసినచో సెకనుకు 14 లక్షల 11 వేల 200 బిట్లగును. ఇంత భారమును మినీడిస్కు మోయలేదు. అది సెకనుకు సుమారు 2 లక్షల 92 వేల బిట్లతో, అనగా ఇంచుమించు ఐదింట ఒకవంతుతో, పని జరుపుకొనును. ఇందులకు తోడ్పడిన కుదింపు పద్ధతికి అట్రాక్ అని పేరు. పెండ్లిలో డోలు మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస చెవికెక్కదు గదా! చెవి గ్రహింపలేని ఇట్టి సూక్ష్మధ్వనులను ఏరి పారవేయుటయే ఆ పద్ధతి మర్మము. పారవేసినది మరల రాదు. వినువానికి లోపము తోపకపోవచ్చును. కాని ఒకసారి కుదించిన దానిని విప్పి మరల కుదించినచో నష్టముపై నష్టము చేరును.

బిళ్లలు 60, 74, 80 నిమిషముల రకములుగా వచ్చినవి. రెండు వాహినులకు బదులు ఒక్క వాహినిలో వ్రాసికొన్నచో కాలము రెట్టింపగును. ఉపన్యాసమునకు, పాఠమునకు అది చాలును. 2000లో దీర్ఘకాల పద్ధతులు రెండు వచ్చినవి: ఒకటి కాలమును రెండింతలు, రెండవది నాలుగింతలు చేయును. 80 నిమిషముల బిళ్లపై 320 నిమిషములు పట్టును. ఐతే నాణ్యము ఆ మేరకు తగ్గును. పైగా అట్లు వ్రాసిన భాగములను అంతకుముందు కాలపు యంత్రములపై పెట్టినచో నిశ్శబ్దమే వినబడును. బిళ్ల చెడిపోయినదని దానిని పారవేయుట తొందరపాటు. క్రొత్త యంత్రముపై అది చక్కగ పలుకవచ్చును.

ప్రతి బిళ్లపైనను విషయసూచికవంటి పట్టిక యొకటి కలదు. ఏ భాగము ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో అందు వ్రాసియుండును. భాగములను విడదీయుట, కలుపుట, వరుస మార్చుట యన్నియు ఈ పట్టికలో జరుగు మార్పులే. ధ్వని చోటు కదలదు. పట్టికలో 255 గళ్లు మాత్రమే యున్నవి. అవి నిండినచో బిళ్లపై ఖాళీ యున్నను యంత్రము నిండినదనియే చెప్పును. రెండు వాహినుల వ్రాతలో 12 సెకనులకు లోబడిన తునుకలను ఎన్ని చెరిపినను మిగిలిన కాలము పెరిగినట్లు కనబడకపోవుట కూడ ఈ లెక్కల చిత్రమే. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి యున్నది. యంత్రము ఈ పట్టికను వ్రాతపని ముగిసిన పిమ్మట నింపును. నింపకముందే బ్యాటరీ ఊడినచో, ధ్వని బిళ్లపై నున్నను దానికి చిరునామా లేకపోవును. రెండు గంటల పాఠము చేజారుటకు ఒక్క క్షణపు తొందర చాలును.

తాళము ఎందుకు వచ్చెను?

క్యాసెట్టునుండి క్యాసెట్టునకు ఎత్తుకొన్నచో ప్రతి తరమునను బుసబుస శబ్దము పెరుగును. నాలుగవ, అయిదవ తరమునకు పాట మసకబారును. ఆ లోపమే పాటల వ్యాపారులకు రక్ష. అంకెలలో వ్రాసిన ధ్వనికి ఈ వార్ధక్యము లేదు. ఒకటిని ఒకటిగా, సున్నను సున్నగా ఎత్తి వ్రాసినచో నూరవ ప్రతియు మొదటి ప్రతివలెనే యుండును. 1987లో డాట్ అను అంకెల టేపు యంత్రము బయలుదేరగనే రికార్డుల కంపెనీలకు భయము పట్టుకొన్నది. గీతరచయితలకు, గాయకులకు, వాద్యకారులకు దక్కవలసిన ప్రతిఫలము దక్కదేమోయను భయము అకారణము కాదు. ఒక్క బిళ్ల కొని ఊరంతయు పంచుకొన్నచో పాడినవాడేమి తినవలెను?

1989లో యంత్రముల తయారీదారులకును రికార్డుల కంపెనీలకును నడుమ ఒక ఒప్పందము కుదిరినది. అందుండి వచ్చినదే 'వరుస ప్రతుల అదుపు' పద్ధతి. 1992 అక్టోబరు 28న అమెరికా దేశమున ఇది చట్టరూపము దాల్చినది. గృహోపయోగపు అంకెల ధ్వనియంత్రములన్నిటను ఈ అదుపు ఉండవలెననియు, యంత్రముపై నూటికి 2, ఖాళీ బిళ్లలపై నూటికి 3 వంతున సుంకము కట్టి హక్కుదారులకు పంచవలెననియు ఆ చట్టము విధించెను. అందుకు మారుగా, వ్యాపారదృష్టి లేక స్వంతమునకు ప్రతి చేసికొనువానిపై దావా వేయరాదని అభయమిచ్చెను. సుంకము అమెరికాకే పరిమితము. అదుపు మాత్రము యంత్రములో భాగమై దేశదేశములకు ప్రయాణించినది. హైదరాబాదులో ఒకరు మినీడిస్కును వాడినను, వారు ఎన్నడును చూడని సభలో, వారికి ఓటులేని దేశమున జరిగిన బేరమునకు లోబడి వాడవలసినదే.

మూడు సూత్రములు

ఈ అదుపు పనిచేయు తీరు సులభమైనది. అంకెల తీగవెంట ప్రవహించు ధ్వనితోపాటు రెండు చిన్న గుర్తులు ప్రయాణము చేయును. ఇది రక్షణగల ధ్వనియా కాదా అనునది ఒకటి. ఇది మూలమా, ప్రతియా అనునది రెండవది. వ్రాయు యంత్రము ఆ గుర్తులను చదివి సమ్మతించును, లేదా నిరాకరించును. ఆచరణలో ఇది మూడు సూత్రములగును.

మొదటిది: అమ్మకపు కాంపాక్టు డిస్కునుండి అంకెల తీగతో మినీడిస్కుపై వ్రాసికొనవచ్చును. ఆ ప్రతినుండి మరియొక ప్రతిని అంకెల తీగతో తీయరాదు.

రెండవది: అంకెల ఉపగ్రహ ప్రసారమును వ్రాసికొన్నచో, ఆ వ్రాతనుండి మరియొక ప్రతి తీయనిచ్చు సందర్భములు కలవు.

మూడవది: మైకుద్వారా గాని, క్యాసెట్టునుండి సాధారణపు తీగద్వారా గాని వ్రాసిన బిళ్లనుండి అంకెల తీగతో ప్రతి తీయవచ్చును. ఆ ప్రతికి మాత్రము సంతానము లేదు.

ఇచ్చట విద్యార్థులు ఒక భేదము గుర్తింపవలెను. అదుపు ప్రతుల సంఖ్యకు కాదు, తరములకు. తల్లికి ఎందరు కూతుళ్లయినను కలుగవచ్చును. కూతుళ్లు మాత్రము గొడ్రాండ్రు. ఒక్క మూలము చేత నున్నవాడు వేయి ప్రతులు తీసినను యంత్రము అడ్డుపడదు. అనగా పెద్దయెత్తున దొంగప్రతులు చేయువానిని ఈ తాళము ఆపలేదు. వృత్తిదారుల యంత్రములకు చట్టమే మినహాయింపు నిచ్చెను. కంప్యూటరు ఆ చట్టపు నిర్వచనములోనికే రాలేదు. ఆ దశాబ్దము ముగియునాటికి కంప్యూటరుపై డిస్కులు వ్రాయుట సామాన్యమైపోయెను. దొంగ రాజమార్గమున పోవుచుండగా, తాళము పెరటి దొడ్డికి వ్రేలాడినట్లయినది.

యజమానిని ఎరుగని కాపలావాడు

తాళముచే నిజముగ చిక్కువడినవారెవరు? ఒక కుటుంబమును ఊహింపుడు. హరికథ చెప్పుకొని జీవించిన తాతగారు ముసలితనమున ఒకనాడు అరుగుపై కూర్చుండి కథ చెప్పగా, విదేశమునుండి వచ్చిన మనుమడు మైకుపెట్టి మినీడిస్కుపై వ్రాసికొనెను. ఆ కంఠమునకు ఏ కంపెనీకిని హక్కులేదు. చెప్పినది తాత, వ్రాసినది మనుమడు, విన్నది ఇల్లు. అన్నకొరకు ఒక ప్రతి తీసినాడు, యంత్రము సరేయన్నది. కొన్నియేండ్లకు మూలపు బిళ్ల పోయినది. అన్న యొద్దనున్న ప్రతినుండి చెల్లెలికొరకు తీయబోగా యంత్రము నిరాకరించినది. అది పాటల దుకాణపు బిళ్లయో, తాతగారి కంఠమో యంత్రమెరుగదు. దానికి తెలిసినవి రెండు గుర్తులు మాత్రమే.

2001లో మినీడిస్కు యంత్రమును కంప్యూటరుతో కలుపు పద్ధతి వచ్చినపుడు ఈ కష్టము తీరుననుకొన్నవారు కలరు. కాని ఆ మార్గము ఒక దిక్కునకే తెరచియుండెను. కంప్యూటరునుండి పాటను బిళ్లపైకి పంపవచ్చును, అదియు మూడు పర్యాయములు మాత్రమే. బిళ్లపై మైకుతో వ్రాసికొన్న స్వంతకంఠమును కంప్యూటరులోనికి తెచ్చుటకు దారి లేదు. 2004లో ఒక గిగాబైటు పట్టు పెద్దతరపు బిళ్ల వచ్చి, దానిపై చేసిన స్వంత రికార్డింగులను కంప్యూటరునకు ఎక్కింపనిచ్చెను. పాతబిళ్లలపై చేసిన స్వంత వ్రాతలను ఎక్కింపగల సోనీ యంత్రము 2006లోగాని రాలేదు. యంత్రము పుట్టిన పదునాలుగేండ్లకు యజమానికి తన సొమ్ముపై ఆపాటి హక్కు దొరకినదన్నమాట. అప్పటికి విపణి వేరు వస్తువులవైపు తిరిగిపోయినది.

ఐనను మొదటినుండి ఒక ద్వారము మూయబడలేదు. అది చెవి ద్వారము. తాళము అంకెల తీగకే గాని, ధ్వనిని మామూలు విద్యుత్తరంగముగా పంపు తీగకు కాదు. యంత్రమునుండి వెలువడు ధ్వనిని ఆ తీగద్వారా కంప్యూటరునకో, మరియొక రికార్డరునకో అందించి వ్రాసికొనవచ్చును. ఎనుబది నిమిషముల బిళ్లకు ఎనుబది నిమిషములు పట్టును, తొందర పనికిరాదు. కొంత సూక్ష్మనష్టముండును గాని, మాటకును పాటకును అది లెక్కింపదగినది కాదు. ఈ విధముగ వ్రాయునపుడు మరల కుదింపు లేని రూపముననే భద్రపరచుట మేలు. కుదించినదానిని తిరిగి కుదించుటలోని నష్టము పైన చెప్పబడినది. మానవుడు వినదగినదేదైనను వ్రాసికొనదగినదే యను సత్యము ఏ తాళము చేసినవానికిని తప్పించుకొనరానిది.

యంత్రము తరలిపోయిన పిమ్మట

ఆబిడ్సులో ఆదివారమునాడు బాటప్రక్కన పరచెడి పాతపుస్తకములలో నూరేండ్లనాటి ప్రతి దొరకినను, చదువుటకు కన్నులు చాలును. అట్లే ఒక మినీడిస్కు దొరకినదనుకొనుడు. కన్నులు చాలవు, చెవులును చాలవు. దానిని పలికించు యంత్రము కావలెను. ఆ యంత్రములేవి? సోనీ సంస్థ జేబుయంత్రముల సరఫరాను 2011లోను, తుది యంత్రముల సరఫరాను 2013 మార్చిలోను ముగించెను. ఖాళీబిళ్లల తయారీ 2025 ఫిబ్రవరితో నిలిచిపోయెను. ఇక మిగిలినవి పాతయంత్రములు; వానిలోని పట్టీలు సడలుచు, లేజరులు సన్నగిల్లుచు, ఏటేట తగ్గిపోవుచున్నవి. 2020 తరువాతి సంవత్సరములలో కొందరు అభిమానులు పాతయంత్రములనుండి అంకెలను నేరుగ కంప్యూటరులోనికి దింపు ఉపాయములను కనుగొన్నారు. అవి మెచ్చదగినవే, ఐనను వానికిని పనిచేయు యంత్రము కావలసినదే.

ఇట్టిచోట మన చట్టమేమి చెప్పుచున్నది? 1957 నాటి కాపీహక్కుల చట్టమునకు 2012లో జరిగిన సవరణప్రకారము, స్వంత ఉపయోగమునకు, పరిశోధనకు న్యాయసమ్మతమైన వినియోగము ధ్వనిరికార్డులకును వర్తించును. ధ్వనిరికార్డుపై హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరము మొదలుగా 60 ఏండ్లు నిలుచును. లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయము రక్షణార్థము తన కృతులను కంప్యూటరు రూపమున నిలువచేసికొనవచ్చునని కూడ ఆ సవరణ చెప్పుచున్నది. కాని అందొక షరతు కలదు: గ్రంథాలయము వద్ద ఆ కృతియొక్క అంకెల రూపము కాని ప్రతి యుండవలెను. తాళపత్రమునకు, అచ్చుపుస్తకమునకు, క్యాసెట్టునకు ఇది చక్కగ సరిపోవును. పుట్టుకతోనే అంకెలలో నున్న మినీడిస్కునకు ఈ వాక్యపు నీడ పడుట కష్టము. తాళము వేసిన వస్తువే రక్షణకు దూరముగ నిలిచిపోవుట విచారింపవలసిన విషయము. స్వంతముగ వ్రాసికొన్న కంఠముల విషయమున మాత్రము ఈ చిక్కు లేదు. వాటిని కాపాడుకొనుటకు కావలసినది అనుమతి కాదు, పూనిక.

ఆ పూనికకు కావలసిన పనులు కొన్నియే. ఇంటనున్న బిళ్లలను వెదకి, పెట్టె ప్రక్కనున్న చిన్న మీటను జరిపి, పొరపాటున చెరిగిపోకుండ చేయవలెను. పనిచేయు యంత్రము దొరకినంతనే మామూలు తీగద్వారా ధ్వనిని కంప్యూటరులోనికి తీసికొనవలెను. ఎవరి కంఠము, ఏ యూరు, ఏ సంవత్సరము అను వివరములను కాగితముపై తెలుగున వ్రాయవలెను. బిళ్లలోని పట్టికలో తెలుగు అక్షరములకు చోటు లేదు. పిదప ఆ ప్రతిని ఒక్కచోట దాచక, అన్నకొకటి, చెల్లెలికొకటి, ఊరి పాఠశాలకొకటిగా పంచవలెను. పాఠశాలలలో విద్యార్థులచే ఈ పని చేయించినచో విజ్ఞానశాస్త్రము, చరిత్ర, భాష అను మూడు పాఠములు ఒక్కసారిగా నడచినట్లగును.

కళాకారునకు ప్రతిఫలము దక్కవలెననుట ధర్మమే. కాని ఆ ధర్మమును ఆలోచనలేని గుర్తులకు అప్పగించినపుడు, అవి దొంగను విడిచి మనుమని పట్టుకొన్నవి. తాళపత్రపు లేఖకుడు తప్పులు చేసియైనను వంశమును నిలిపినాడు. తప్పు చేయనేరని యంత్రము వంశమునే తెంచ చూచినది. తాళము చేసిన కర్మాగారము ఖాళీబిళ్లల తయారీని మానివేసినది. బిళ్లలలోని కంఠములు మాత్రము ఇంకను మిగిలియున్నవి. పలికించు యంత్రము ఒక్కటియైనను ఊరిలో మిగిలియుండగనే వాటికి మనుమరాండ్రను కలుగజేయుట నేటితరము చేతిలోని పని.